మిల్ట్రీ మామ నిద్ర

మొన్న శ్రావణంలో ఒక పొద్దున తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, మామ పోయిండు" అన్నాడు. చేతిలో పని చేతిలోనే వదిలేసి, సూరత్ శివార్లలోని సచిన్ నుంచి బస్సెక్కాను. దారంతా కంట నీరు రాలేదు. ఎనభై దాటిన మనిషి, మంచాన పడలేదు, ఒకరిచేత నీళ్ళు పోయించుకోలేదు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే పోయాడట. ఇంతకంటే మంచి చావు ఎవరికొస్తుంది అని నాకు నేనే నచ్చజెప్పుకుంటూ వచ్చాను.

లింబాయత్‌లో మా గల్లీ మొదట్లో ఆటో దిగాక మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. గల్లీలో చప్పుడు లేదు.

మరమగ్గాలను మావాళ్ళు సాంచెలంటారు. మా గల్లీలో ఇళ్ళెన్నో సాంచెల కార్ఖానాలూ అన్నే ఉండేవి. ఇప్పుడు చాలా కార్ఖానాలు ఊరి బయట జోల్వా వైపు తరలిపోయాయి, కొత్త మిషన్లు వచ్చాయి. అయినా మా తమ్ముడిలాంటి మొండివాళ్ళు కొందరు పాత సాంచెలనే నడుపుకుంటున్నారు. ఇక్కడ ఎవరైనా పోతే శవం లేచేదాకా గల్లీలోని సాంచెలన్నీ ఆపుతారు. అది చనిపోయినవాళ్ళకు మేమిచ్చే మర్యాద. మా బాపు పోయినప్పుడూ అలాగే ఆపారు. ఆ రోజు ఆ నిశ్శబ్దం నాకు గౌరవంగానే అనిపించింది.

మామకు మాత్రం ఆ మర్యాద చేయకూడదు. ఎందుకో తెలియాలంటే నేను రెండు జడలు వేసుకుని గల్లీ అంతా నాదే అన్నట్టు తిరిగిన రోజులకు పోవాలి.

మామ మా అమ్మకు సొంత అన్న. ఆయన ఫౌజులో ఉండగానే ఊళ్ళో భార్య జ్వరంతో చనిపోయింది. పిల్లలు లేరు. నౌకరీ అయిపోయాక ఊళ్ళో ఒక్కడూ ఏం చేస్తాడని అమ్మ కబురు పెడితే, నల్ల ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని సూరత్‌లో దిగాడు. గుజరాత్‌లో మందు బంద్. మిల్ట్రీ మనిషి వస్తున్నాడనగానే గల్లీలో మగవాళ్ళకు ఎక్కడలేని చుట్టరికాలు గుర్తొచ్చాయి. ఎన్నడూ మా గడప తొక్కనివాళ్ళు కూడా ఆ సాయంత్రం వచ్చి, ఆయన క్షేమం అడుగుతూ ట్రంకు పెట్టె చుట్టూ కూర్చున్నారు. మామ అందరి ముఖాలూ చూసి, మెల్లగా తాళం తీసి, ఒక్కొక్కటే బయట పెట్టాడు. గడ్డం గీసుకునే సబ్బులు, ఒక కంబళి, ఒక ఎనామిల్ మగ్గు, తోలు పట్టీకి కట్టిన ఇత్తడి గంట. పెట్టె అడుగు కనబడింది. ఒకాయన ఉండబట్టలేక, ఇంతేనా బావా అని అడిగితే, సబ్బు నాకి చూడు, జర కిక్కొస్తది అన్నాడు మామ. ముందు అమ్మ నవ్వింది, తరువాత గల్లీ అంతా నవ్వింది. ఆ రోజునుంచి ఆయన గల్లీ మొత్తానికి మిల్ట్రీ మామ.

ఆ ఇత్తడి గంట ఖచ్చర్, అంటే కంచర గాడిద మెడలోది. మామ ఫౌజులో తుపాకీ పట్టి ముందు నడిచినవాడు కాదు. మంచు కొండల మీదికి ఖచ్చర్ల వీపున బియ్యం, కిరసనాయిలు, తూటాల పెట్టెలు ఎక్కించి తోలుకుపోయే పని ఆయనది. ఆ సంగతి ఎన్నడూ దాచలేదు, పెంచీ చెప్పలేదు. లడాయిలో ఎంతమందిని చంపావని పిల్లలం చుట్టూ చేరి అడిగితే, "నన్ను తన్నిన ఖచ్చర్లనే ఏం జెయ్యలేకపోయిన బిడ్డా, మనుషులనేం జంపుత" అనేవాడు. ఏ ఖచ్చర్ ఎలా అలిగేదో, ఏది రొట్టె దొంగిలించేదో, ఏది ఆఫీసరు టోపీ నమిలిందో నటించి చూపేవాడు. అలిగిన ఖచ్చర్ ముఖం ఆయన పెడితే అచ్చం కోపమొచ్చిన మా బాపులాగే ఉండేది. ఆ మాట నేను పైకి అని వీపు మీద ఒకటి తిన్నాను.

ఇంట్లో అందరికీ ఆయన పదవులు ఇచ్చాడు. అమ్మ కమాండర్ సాబ్. నేను హవల్దార్. బాపు వట్టి సిపాయి. కాకరకాయ తినకపోతే నా హవల్దారీ ఊడేది, గిన్నె నాకి పెడితే తిరిగొచ్చేది. అమ్మ సర్వపిండి చేసిన రోజు మామ గిన్నె ముందు నిలబడి సెల్యూట్ కొట్టేవాడు. అటూ ఇటూ చూసి అడుగంటిన ముక్క నాకు పెట్టేవాడు. మాడిన ఆ అంచుల రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది. నేనెంత మాడ్చినా ఆ రుచి రావడం లేదు. మా ఇంట్లో తిండికి సాంచెల నూనె వాసన, దారానికి పెట్టే గంజి వాసన ఎప్పుడూ అంటుకునే ఉండేవి. బయటివాళ్ళకు కడుపులో తిప్పేది. మాకు ఆ వాసన లేకుంటే అన్నం దిగేది కాదు.

మా ఇంటికి ఆనుకునే బాపు పనిచేసే కార్ఖానా. గోడ వణికేది, నేల వణికేది, నీళ్ళ బిందెలో నీళ్ళు వణికేవి. చాప మీద పడుకుంటే ఆ వణుకు వీపులోంచి ఎక్కి నిద్రపుచ్చేది. అంత చప్పుడులో నోటి మాట ఎవరికి వినబడుతుంది? అందుకే సాంచెల మనుషులు గొంతు లేకుండా మాట్లాడుకుంటారు. పెదవులు కదుపుతారు, చేతులతో చెబుతారు. పిడికిలి బిగించి తనవైపు లాగితే సాంచ నడుపు అని. అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆపు అని. అమ్మ కార్ఖానాకు వచ్చిందంటే ఆ చివర నుంచి ఈ చివరకు బాపుతో కూరగాయల బేరాలు, చుట్టాల మీద చాడీలు అన్నీ ఇలాగే చెప్పేది. మా బడిలో పంతులమ్మ బయటి ఊరినుంచి వచ్చింది. ఈ పిల్లలంత బుద్ధిమంతులు ఎక్కడా లేరని హెడ్‌మాస్టరుకు చెప్పిందట. పాపం, మేం పాఠం నడుస్తున్నంతసేపూ పెదవులతో ఆమె చీర మీదే మాట్లాడుకునేవాళ్ళం.

మామకు ఆ కార్ఖానాలోనే రాత్రి కాపలా పని దొరికింది. పగలు పడుకోవాలి. కార్ఖానా మీద చెక్కలతో వేసిన అటక ఒకటుండేది, సరిగ్గా సాంచెల నెత్తిమీద. ఆ చప్పుడుకు అక్కడ పిల్లి కూడా పడుకునేది కాదు. మామ తన కంబళి అక్కడే పరిచాడు. మా ఇంట్లో పడుకోమని అమ్మ ఎంత బతిమాలినా వినలేదు. మధ్యాహ్నం నేను బువ్వ గిన్నె పట్టుకుని నిచ్చెన ఎక్కితే, చెక్కలన్నీ గడగడలాడుతుంటే ఆయన నోరు తెరుచుకుని గురక పెడుతుండేవాడు.

వారానికొక రోజు కరెంటు సెలవు. సాంచెలు ఆగేవి. ఆ రోజు మాత్రం మామ అటక దిగి, నన్ను వెంటబెట్టుకుని రైలు పట్టాల దగ్గరికి పోయేవాడు. నాకు చెరుకు రసం కొనిచ్చి, గేటు పక్క దిమ్మె మీద కూర్చుని, తువాలు ముఖాన వేసుకునేవాడు. గూడ్సు బండ్లు ఒకదాని వెనక ఒకటి పోయేవి. నేను డబ్బాలు లెక్కపెట్టేదాన్ని, ఆయన కునుకు తీసేవాడు. మామకు రైళ్ళంటే ఇష్టమని నేను అందరికీ చెప్పుకునేదాన్ని.

ఒక ఏడు దీపావళికి ముందు తమ్ముడు పుట్టాడు. దీపావళి వచ్చిందంటే సూరత్‌లో సాంచెలన్నీ రోజుల తరబడి బంద్. మావాళ్ళంతా రైళ్ళెక్కి ఊళ్ళకు పోతారు. అమ్మ పచ్చి బాలింత కావడంతో మేం పోలేదు. మామ ఏ ఏడూ పోడు, ఆ సెలవులన్నీ రైలు పట్టాల దగ్గరే గడిపేవాడు. ఊరికే ఉండలేని మనిషి, సెలవులకు ముందు పని తెమలాలని కుర్రవాళ్ళు దారం చుట్టిన పెద్ద ఇనుప బీము మోస్తుంటే, తానూ పాతికేళ్ళవాడినే అనుకుని ఒక కొస పట్టుకున్నాడు. అది జారి పాదం మీద పడింది. ఎముక విరిగి కాలికి సిమెంటు కట్టు వేశారు. ఇంక నిచ్చెన ఎక్కేది ఎట్లా, రైలు పట్టాలకు నడిచేది ఎట్లా? మా ముందు గదిలో మంచం వేశారు. ఖచ్చర్ల శాపం ఇన్నేండ్లకు తగిలిందని తన కాలిని తానే వెక్కిరించుకున్నాడు.

సాంచెలు ఆగాయి. గల్లీ ఖాళీ అయింది. పండగ రెండు రోజులూ పటాకుల మోతతో బాగానే గడిచింది. మా అందరికన్నా మామే ఎక్కువ హుషారుగా ఉన్నాడు, ఇంకో లడీ పేల్చండని మమ్మల్ని ఎగదోశాడు. పటాకులు అయిపోయాక గల్లీలో నిశ్శబ్దం వచ్చి కూర్చుంది.

తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు. కడుపులో ఉన్నప్పటినుంచి సాంచెల చప్పుడు విన్నవాడు, వాడికి నిద్ర పట్టడం లేదు. అమ్మ వాము పట్టింది, దిష్టి తీసింది, వాడు ఆపలేదు. ఆ గోలలో మామను ఎవరూ గమనించలేదు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. పదవులు పంచడం మానేశాడు. సర్వపిండి ముందు పెడితే సెల్యూట్ లేదు, సగం అలాగే వదిలేశాడు. కాలి నొప్పి కావచ్చనుకున్నాడు బాపు.

ఒక మధ్యాహ్నం నేను ఆయన్ను నవ్వించాలనుకున్నాను. వెనకనుంచి పోయి కళ్ళు మూయడం మా ఇద్దరికీ పాత ఆట. కాళ్ళ పట్టీలు విప్పేసి, ఊపిరి బిగబట్టి, మెత్తగా అడుగులో అడుగు వేసుకుంటూ మంచం వెనక్కి చేరాను. చెయ్యి ఎత్తానో లేదో, విరిగిన కాలితోనే ఆయన ఎగిరి లేచాడు. నా రెక్క పట్టుకుని నేలకు వంచాడు. మగ్గు దొర్లిపోయి చాయ్ అంతా ఒలికింది. ఆ ముఖం మామది కాదు. నన్ను చూస్తున్నాడు కాని నేను కనబడటం లేదు. నేను కెవ్వున అరిచాక కనబడ్డాను. వెంటనే చెయ్యి వదిలేసి, మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి అట్లా కూలబడటం నేనెప్పుడూ చూడలేదు. నొప్పికంటే దానికే ఎక్కువ భయపడ్డాను.

అమ్మ పిల్లవాణ్ణి ఎత్తుకుని పరుగున వచ్చింది. ముందు నన్ను తిట్టబోయి, అన్న ముఖం చూసి ఆగింది. ఎన్ని దినాలాయె నువ్వు పండుకోక అని అడిగింది. మామ నవ్వబోయాడు, రాలేదు. అప్పుడు చెప్పాడు.

"పైకి వోయేటప్పుడు ఖచ్చర్ల మెడల గంటలు ఇప్పుతుండె చెల్లె. మాట బంద్, బీడీ బంద్. గంటలు ఇప్పినమంటె ముందట ఏదో ఉన్నట్టే. ఒకపారి అట్ల చీకట్ల వోయినోళ్ళల్ల శానమంది మల్ల రాలే. పటాకులు పేలితె నాకేం గాదు. సప్పుడు బందయితెనే ఎవడో వస్తున్నడనిపిస్తది. కన్ను మూస్తె ఎట్ల?"

రైలు పట్టాలు, చెక్క అటక, చెరుకు రసం అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. రైళ్ళంటే ఇష్టం కాదు, నిద్ర కోసం అంత దూరం నడిచేవాడన్నమాట.

"గీ ముచ్చట ఇన్నేండ్లు చెప్పకపోతివి" అంది అమ్మ.

"చెప్తె నువ్వేడుస్తవ్. నువ్వేడిస్తె కూరల ఉప్పెక్కువైతది."

అమ్మ ఏడవలేదు. మా వెనక గదిలో కండెల మిషను ఉండేది. సాంచెలకు కావలసిన దారాన్ని చిన్న కండెలకు చుట్టే మోటారు మిషను, అమ్మ ఇంట్లోనే కూర్చుని చేసే పని అది. బాలింత కాబట్టి గుడ్డ కప్పి మూల పెట్టారు. దాన్ని ముందు గదిలోకి ఈడ్చుకురమ్మని బాపుకు చెప్పింది. బాపు తెచ్చాడు కాని, పని లేకుండా ఖాళీగా తిప్పితే బేరింగులు పోతాయని గొణిగాడు. అమ్మ చంకలో బిడ్డతో నిలబడి, "పోతె పోనీ. గవి బజార్ల దొరుకుతయ్. మనిషి దొరుకుతడా?" అంది. సిపాయి కిక్కురుమనకుండా స్విచ్ వేశాడు.

గరగరమని మిషను తిరిగింది. నేల సన్నగా వణికింది. అమ్మ తమ్ముణ్ణి మామ పక్కనే మంచం మీద పడుకోబెట్టింది. వాడు ముందు ఏడుపు ఆపాడు, తరువాత పిడికిళ్ళు వదులు చేశాడు. మామ కళ్ళు ఒకసారి మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. నేను మంచం పట్టెకు గడ్డం ఆనించి చూస్తూనే ఉన్నాను. కాసేపటికి పెద్ద గురకా చిన్న గురకా రెండూ వినబడ్డాయి. అంతసేపూ మొండిగా నిలబడ్డ అమ్మ అప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఊరికే తిప్పడం ఎందుకని బాపు మెల్లగా మిషను ముందు కూర్చుని, ఇంట్లో మిగిలిన దారమంతా చుట్టడం మొదలుపెట్టాడు. సెలవులు అయ్యేసరికి మా ఇంట్లో కండెలు పెట్టడానికి చోటు లేదు. పక్కింటి మరాఠీ ఆవిడ, మేం ఖాందేశీ అత్త అనేవాళ్ళం, పండగ పూట ఈ మోతేమిటని పోట్లాటకు వచ్చి, సంగతి విని, మరునాడు తన కుట్టు మిషను తెచ్చి మా అరుగు మీద వేసుకుంది. ఫౌజీ భాయ్ నిద్రపోవాలి కదా అని మా బాపు చొక్కాల చిరుగులన్నీ కుట్టింది. అరిగిన బేరింగులకు మాత్రం బాపు మామనే తప్పుపట్టేవాడు, ఏళ్ళ తరబడి.

మళ్ళీ సాంచెలు నడిచిన రోజు మామ మంచం మీదనుంచే అమ్మను జనరల్ సాబ్ చేశాడు. తమ్ముణ్ణి తన జోడీదారు చేసుకున్నాడు. నా రెక్క మీద నీలంగా కమిలిన గుర్తు ఇంకా ఉండేది. దానికి రోజూ కొబ్బరినూనె రాసేవాడు. ఖచ్చర్ గంట తీసి మా వెనక తలుపుకు కట్టించాడు. "నువ్వొస్తున్నవని నాకెరుక గావాలె హవల్దార్. గంట ఇప్పకు" అన్నాడు. నేనెన్నడూ విప్పలేదు.

ఆ గంట మొన్న కూడా ఆ తలుపుకే ఉంది. ముందు వాకిలి నిండా జనం ఉంటే నేను వెనకనుంచి తోసుకుని లోపలికి పోయాను, మోగింది. ఆ నిశ్శబ్దంలో దాని చప్పుడుకు అందరూ తలెత్తి చూశారు.

మామను ముందు గదిలో పడుకోబెట్టారు. ఆయన తోటి పింఛనుదార్లు ఇద్దరు టోపీలు చేతిలో పట్టుకుని గోడవారన నిలబడ్డారు. గల్లీ సగం అక్కడే ఉంది. ఒకరు ఆయన మాట ఏదో గుర్తుచేసుకుని నవ్వి, నవ్వినందుకు ఏడుస్తున్నారు. అమ్మ అన్న తల దగ్గర కూర్చుని ఉంది. బతుకంతా సాంచెల మధ్య గడిపిన అమ్మకు ఇప్పుడు చెవులు పూర్తిగా పోయాయి.

నేను తమ్ముణ్ణి పక్కకు పిలిచి, సాంచెలు నడిపించమన్నాను. వాడు నా ముఖంలోకి చూసి, "అక్కా, నేనే ఆపిచ్చిన. మామకు ఇజ్జత్ ఇయ్యాలె గద" అన్నాడు. వాడి తప్పేముంది, పసిగుడ్డుగా ఆ మంచం మీద మామ పక్కన పడుకున్న సంగతి వాడికేం తెలుసు? కులపెద్ద ఒకాయన విని అడ్డం వచ్చాడు. పీనుగ ఇంట్లో ఉండగా సాంచెలు నడిపితే నలుగురూ ఏమనుకుంటారని, పైసల కోసం మామ చావుకు కూడా ఆగలేదంటారని గట్టిగానే అన్నాడు. పెద్దాయన మాట కాదనలేక తమ్ముడు తల వంచుకున్నాడు. ఇంత కథ ఆ జనంలో నిలబడి ఎట్లా చెప్పను?

అమ్మ మమ్మల్నే చూస్తోంది. ఏమైందని కళ్ళతో అడిగింది. నేను గొంతు లేకుండా పెదవులు కదిపాను. "సాంచెలు బందున్నయమ్మా."

అప్పటిదాకా అమ్మకు ఆ సంగతి తెలియదు. అరచెయ్యి నేలకు ఆనించి చూసింది. నేల కదలడం లేదు. అమ్మ ముఖం ఎర్రబడింది. గల్లీ పెద్దలందరి ముందూ చెయ్యెత్తి, పిడికిలి బిగించి, తనవైపు లాగింది. పెద్దాయన నోరు తెరవబోతే ఇంకోసారి లాగింది, ఆయన కళ్ళలోకే చూస్తూ. ఆయన కూడా సాంచెల మీద ముసలివాడైనవాడే. ఎందుకో తెలియకపోయినా, పక్కకు జరిగి తమ్ముడికి దారి ఇచ్చాడు.

గోడ అవతల మొదటి సాంచ లేచింది. దాని వెనక రెండోది. ఎదురు కార్ఖానావాళ్ళు మా మోత విని తొంగిచూసి, తమ్ముడి సైగ చూసి వాళ్ళవీ నడిపారు. గోడ వణికింది. మామ తల దగ్గర పెట్టిన చెంబులో నీళ్ళు వణికాయి. దారంతా రాని ఏడుపు అప్పుడు వచ్చింది నాకు, ఎంత గట్టిగా ఏడ్చినా ఎవరికీ వినబడలేదు.

అమ్మ ఇంకోసారి నేల మీద చెయ్యి పెట్టి చూసుకుంది. తృప్తిపడి, అదే చెయ్యి తీసి అన్న నుదుటి మీద పెట్టింది. పెదవులు కదిలాయి. ఆ మోతలో ఒక్కరికీ వినబడలేదు కాని, సాంచెల మనుషులం, గదిలో ఉన్న మా అందరికీ కనబడింది.

"ఇగ పండుకో అన్నా" అంది.